బొగ్గు గోడ మీద చార్టు

గురువారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు నస్పూర్ గని కార్మికుడు తిమోతి నలభై వేల రూపాయలు పెట్టి ఒక క్రిప్టో కాయిన్ కొన్నాడు. ఆ నలభై వేలు కూతురు బ్లెస్సీ నర్సింగ్ కాలేజీ ఫీజు. అది కట్టే గడువు ఆ రోజే సాయంత్రం నాలుగింటికి ముగుస్తుంది.

కొనిపించింది తోటి కార్మికుడు బాలమల్లు. గని ముందు చాయ్ హోటల్లో ఫోను తీసి చార్టు చూపించాడు. గీత గిన్నెలా వంగి లేచిందని, ఇలా లేస్తే మధ్యాహ్నంలోగా నూటికి నలభై పెరుగుతుందని చెప్పాడు.

"అప్పటికి మనం కింద బొగ్గుబాయిల ఉంటం గదనే. అమ్మేదెవలు?" అన్నాడు తిమోతి.

"ఎక్కినంక అమ్ముకో."

"యాభై వేలు అయితే దానంతటదే అమ్ముడుపోవాలెనని ఫోన్ల ముందే పెట్టి దిగుతా."

"యాభైకి పెడితే యాభైకే పోతది. రేపు అర్వై అయితే నన్ను తిడ్తవు."

తిమోతి పెట్టలేదు. గనిలోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు. ఇద్దరూ ఫోన్లు పైన పెట్టెలో పెట్టి తాళం వేసి, మస్టర్‌లో హాజరు వేయించుకుని దిగారు.

తొమ్మిదింటికి బాలమల్లు, తనిఖీ తేదీలు రాసే సుద్దముక్కతో బొగ్గు గోడ మీద గీత గీశాడు.

"మన కాయిన్ గిప్పుడు గీడ ఉంటది."

పదింటికి తిమోతి దాన్ని జానెడు పెంచాడు. పదకొండింటికి మూరెడు పెంచాడు. పక్కన పనిచేస్తున్నవాళ్లు తలదీపాలు అటు తిప్పారు.

"జర ఆపుర్రి. నాకు కండ్లు తిరుగుతున్నయ్," అన్నాడొకడు.

పన్నెండున్నరకు తిమోతి బాలమల్లు భుజాలెక్కి గీతను పైకప్పుకు ఆనించాడు. కింద బాలమల్లు నవ్వుకు ఊగాడు. పైన తిమోతి ఊగాడు.

"ఇగ పోను జాగ లేదు. అమ్మాలె," అని దిగి, పని చూసే సర్దార్ నాగయ్య దగ్గరకు పోయి, పైకి పోతానని అడిగాడు.

"ఎందుకు పోతనంటున్నవ్? పానం మంచిగ లేదా?"

"కాయిన్ పెరిగిందన్నా."

"ఎవలు చెప్పిన్రు?"

తిమోతి గోడ మీదికి దీపం తిప్పాడు. నాగయ్య గీతను కింది నుంచి పైదాకా చూశాడు.

"ఇది గీసిందెవలు?"

"మేమే."

"సగం మస్టర్ పోతది మరి, సగం రోజు కూలి రాదు."

"పోతే పోనీ అన్నా."

తిమోతి ఈల వేసుకుంటూ గని ఎక్కాడు. ఒంటిగంటా ఇరవై అయిదుకు ఫోను తెరిచాడు. పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకే అతని కాయిన్ విలువ యాభై ఎనిమిది వేలు తాకింది. తొమ్మిది నిమిషాలు అక్కడే ఉంది. ఇప్పుడు నలభై వేల నూట యాభై. చాయ్ హోటల్లో బాలమల్లు చూపించిన చార్టు తప్పలేదు. తిమోతి పెట్టె పక్కన కూలబడి, కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వి, అమ్మేశాడు.

పన్ను, చార్జీలు పోను ముప్పై తొమ్మిది వేల ఏడువందలు రెండున్నరకు బ్యాంకులో పడ్డాయి. వాటిని బ్లెస్సీకి పంపాడు. ఆమె మంచిర్యాలలో కాలేజీ కౌంటర్ దగ్గర ఉంది.

"బాపు, మూడు వందలు తక్కువున్నయ్."

"కటింగ్ అయినయ్ బిడ్డా."

"ఏం కటింగ్?"

"ఇంటికొచ్చినంక చెప్త. నీ కాడ ఉన్నయా?"

"ఉన్నయ్ లే."

రెండు గంటల యాభై నిమిషాలకు బ్లెస్సీ ఫీజు రసీదు తీసుకుంది.