ఓటు జల్‌పల్లిలో, గంప మాదన్నపేటలో

ఎమ్మెల్యే పోయాడన్న కబురు వచ్చిన పొద్దున్నే రామలింగం మనుషులు మార్కెట్‌లోకి వచ్చి ఆగమ్మ గోంగూర గంపను కాలితో తన్నారు. సంతాప సభకు స్టేజీ వెయ్యాలట. ఇంత మార్కెట్‌లో వాళ్లకు ఇంకో జాగా దొరకలేదు, ఆ ముసలిది కూర్చున్న చోటే కావాల్సి వచ్చింది. గోంగూర కట్టలు బురదలో పడ్డాయి. ఆమె వంగి ఏరుకుంటుంటే పోయిన నాయకుడి ఫ్లెక్సీ ఆమె నెత్తి మీదుగా లేచింది. చచ్చినవాడి కళ్లు చారెడంటారు, ఆ ఫ్లెక్సీలో బారెడున్నాయి. నా వీపు మీద ఉల్లిగడ్డ బస్తా ఉంది. అది దించకుండా చూస్తూ నిలబడ్డాను.

నేను ఎల్లేష్‌ను, మాదన్నపేట కూరగాయల మార్కెట్‌లో హమాలీని. రామలింగం అక్కడ తైబజారు కాంట్రాక్టరు, అంటే గంప పెట్టిన నేలకు రోజూ రుసుం గుంజేవాడు. మా ఆడవాళ్లు కూర్చునే రేకుల షెడ్డు కూలగొట్టి కాంప్లెక్స్ లేపాలని వాడి ఎత్తు. ఖాళీ చెయ్యమని నోటీసు అప్పటికే వచ్చింది. ఇంతలో ఉప ఎన్నిక వచ్చిపడింది. ఓట్ల ముందు గొడవెందుకని కూల్చివేత ఆపారు. షెడ్డు పోతే ఆ ఆడవాళ్లకు తిండి పోయినట్టే. మా ముచ్చట రాసుకోవడానికి వచ్చిన కాలేజీ పిల్లలు మీరు, అది మనసులో పెట్టుకుని వినండి.

కూల్చివేత ఆపిన రోజు సాయంత్రం షెడ్డు కిందే మీటింగు. మా హమాలీ సంఘం పెద్ద ప్రకాశం లేచాడు.

“ఓట్లయిపోంగనే జేసీబీ వస్తది. గందుకే మన మనిషిని మనమే నిలబెడదాం.”

“గెలుస్తమా అన్నా?” అన్నాను.

“గెలువం. గెలుస్తమని నేనెప్పుడన్న? పోటీల ఉంటే చేతికి మైకొస్తది, పేపరోళ్లొస్తరు. షెడ్డు ముచ్చట పట్నమంత ఇంటది. ఊకుంటే ఏమొస్తది?”

అతని భార్య రాహేలు నిమ్మకాయలు అమ్ముతుంది. మొగుడి మాటకు ఎదురు చెప్పకపోతే ఆమెకు అన్నం అరగదు. “నువ్వు గాదు నిలబడాల్సింది. తన్నింది ఆగమ్మవ్వ గంపను. అవ్వనే నిలబడాలె.”

“నాకు సంతకం గూడ రాదు బిడ్డా,” అంది ఆగమ్మ.

“సంతకం వచ్చినోళ్లు ఆడ కూసొని ఏం పీకిండ్రే అవ్వా?” అంది రాహేలు. షెడ్డంతా గొల్లుమంది.

నవ్వులైతే అయ్యాయి గానీ తగువు తెగలేదు. ముసలిదాన్ని నిలబెడితే నవ్విపోతారని కొందరు, రామలింగం రేపే గంపలు పారేయిస్తాడని కొందరు. అలా నానుస్తూ నానుస్తూ నామినేషన్ చివరి రోజు దాకా తెచ్చుకుని, ఆఖరికి ఆగమ్మనే ఖాయం చేశాం.

ఏ పార్టీ లేని మనిషి నిలబడాలంటే పదిమంది పేర్లిచ్చి బలపరచాలి. మా మార్కెట్‌లో ఒక పద్ధతి ఉంది. పండగైనా, పంచాయితీ అయినా, లారీ నుంచి సరుకు ఎత్తుకోవడమైనా, పాత గంప ముందు. ఎవరు అందరికంటే ముందు నుంచి కూర్చుంటున్నారో వాళ్లదే తొలి వంతు. ఇంత పెద్ద పనికి కొత్తవాళ్లను పిలిస్తే మర్యాదేముంటుంది? అందుకే వెతికి వెతికి బాగా పాతవాళ్లను పదిమందిని తీసుకుపోయాం. డప్పు కొట్టుకుంటూ, ఆగమ్మ మెడలో బంతిపూల దండ వేసి, ఆఫీసు దాకా నడిచాం. జన్మలో అంత సంతోషంగా ఎప్పుడూ నడవలేదు.

మర్నాడు పరిశీలన. అక్కడి అధికారి మంచిగానే మాట్లాడాడు.

“మిమ్మల్ని బలపరిచిన పదిమందిలో ఆరుగురి ఓట్లు ఈ నియోజకవర్గంలో లేవమ్మా. జల్‌పల్లిలో ఉన్నాయి. మీ ఓటు రాష్ట్రంలో ఎక్కడున్నా పర్వాలేదు, బలపరిచేవాళ్లవి మాత్రం ఇక్కడే ఉండాలి. నామినేషన్ చెల్లదు.”

అధికారి మాట నిజమే. వాన నీళ్లు పోయే నాలా వెడల్పు చేస్తామని వెనకెప్పుడో వాళ్ల గుడిసెలు పీకితే, పట్నం అవతల జల్‌పల్లిలో చిన్న చిన్న ప్లాట్లు కొనుక్కుని అక్కడికి చేరారు. పాతవాళ్లు గనక నాలా ఒడ్డునే ఉండేవాళ్లు, మొదట వాళ్ల గుడిసెలే పోయాయి. రోజూ తెల్లవారకముందే ఆటోలెక్కి మార్కెట్‌కు వస్తారు. ఎప్పుడూ కళ్ల ముందే ఉండేవాళ్లను నీ ఓటెక్కడ అని అడగాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. మా బుద్ధికి తెగులు పట్ట!

“నిద్రకే గద సారు మేం ఆడికి పోయేది,” అంది ఆగమ్మ. “బతుకంత ఈడనే. పండుకున్న కాడ ఓటుంటదా?”

“చట్టం అంతేనమ్మా.”

“గట్లనా! మమ్మల్ని ఈడికెల్లి ఎల్లగొట్టినంక చేసిండ్రా గా చట్టం?”

అధికారి తల దించుకుని ఇంకో ఫైలు అందుకున్నాడు. వేరేవాళ్లను తెద్దామంటే గడువు నిన్నటితోనే అయిపోయింది.

ఆ తర్వాత రామలింగానికి పట్టపగ్గాల్లేవు. “ఓటు లేనోళ్లకు లొల్లెందుకే? మీ జల్‌పల్లికి పోయి చేసుకోండ్రి!” అని రోజూ షెడ్డు ముందు నిలబడి అరిచేవాడు. వాడు జెండా మోసే పార్టీ అభ్యర్థి వచ్చి, మార్కెట్ మధ్యలో రాహేలు చెయ్యి పట్టుకుని, “అక్కా, నేనుండంగ ఫికర్ చెయ్యకు. షెడ్డు నా బాధ్యత,” అన్నాడు. సగం మంది నమ్మేశారు. నమ్మక చేసేదేముంది? మిగిలిన సగం నమ్మినవాళ్లను తిట్టింది. ఒకరి సరుకు మీద ఒకరు ఉమ్మేసుకునే దాకా పోయింది. ప్రకాశం మళ్లీ మీటింగు పెడితే ముగ్గురం వచ్చాం.

అతగాడే గెలిచాడు. షెడ్డు ముందే పటాకులు కాల్చారు. మర్నాడు పొద్దున జేసీబీ వచ్చింది.

నమ్మినవాళ్లూ నమ్మనివాళ్లూ కలిసే అడ్డం పడుకున్నారు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ అప్పటికి మించిపోయింది. పోలీసులు జుట్టు పట్టి లాగారు. ప్రకాశాన్ని నలుగురు కలిసి లాఠీలతో కుమ్మి వ్యానులో పడేశారు. పోలీసుల మీద దాడి చేశాడని కేసు పెట్టారు. బెయిలు రాలేదు, ఎప్పుడొస్తుందో వకీలు చెప్పలేకపోతున్నాడు. మధ్యాహ్నానికి షెడ్డు నేలమట్టమైంది.

తెల్లారి నేను పోయేసరికి ఆ రేకుల కుప్ప మీద ఆగమ్మ కూర్చుని ఉంది. ముందు గంపలో నాలుగు గోంగూర కట్టలు. మోచేతులు నల్లగా కమిలిపోయాయి. కొనేవాడు లేడు.

“షెడ్డు ఇంక రాదే అవ్వా. లే,” అన్నాను. నాకు ఏడుపొచ్చింది.

“రాదని నాకెర్క లేదారా? నేను గూడ లేచిపోతే ఈడ మనముండెనని చెప్పెటోళ్లెవలు?”

రాహేలు నిమ్మకాయల గంప తెచ్చి ఆమె పక్కన దించింది. మొగుడు జైల్లో ఉన్న మనిషి. ఆమె వెనకాల ఒకరొకరే వచ్చి కూర్చున్నారు, మొన్న ఉమ్మేసుకున్నవాళ్లు కూడా. మేం హమాలీలం బస్తాలు దించేసి వాళ్ల చుట్టూ నిలబడ్డాం.

పోలీసు వ్యాను వచ్చింది. ఇన్‌స్పెక్టర్ దిగి, “లేస్తరా, లేపాల్నా?” అన్నాడు.

“ఎవ్వలు లేపుడు అక్కర్లేదు,” అంది ఆగమ్మ. గంప నెత్తికెత్తుకుని, నా భుజం పట్టుకుని, తనంతట తానే వ్యాను ఎక్కింది. వెనకే రాహేలు ఎక్కింది. వాళ్ల వెనక ఒకరినొకరు తోసుకుంటూ అందరూ ఎగబడ్డారు. కానిస్టేబులు తలుపు వెయ్యబోతే పడలేదు.

వ్యానులో చోటు చాలలేదు. మిగిలినవాళ్లం దాని వెనకాలే స్టేషన్‌కు నడిచాం.