చెక్క పట్టని మాట

పొద్దున్నే పిల్ల బడికి వెళ్ళగానే ముందుగదిలో బల్ల తుడిచి, వదిన లేజర్ మిషను ముందు, మరదలు కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళు. చెక్క పలకల మీద ఎవరికి కావలసిన మాట వాళ్ళకి చెక్కి, కానుకలుగా పంపే ఆన్‌లైన్ కొట్టు పెడుతున్నారు. చెక్కడం వదిన పని, సైటు తయారుచెయ్యడం మరదలి పని. సైటు ఇంకా తెరవకముందే తెలిసినవాళ్ళ దగ్గర్నుంచి ఆర్డర్లు వస్తున్నాయి.

వదిన చెక్కే పలకలకి ఒక గుణం ఉంది. మనసులో లేని మాట వాటి మీద నిలవదు. అరగంట తిరిగేసరికి అక్షరాలు పూడుకుపోయి, పలక మళ్ళీ నున్నగా అయిపోతుంది. ఆర్డరిచ్చినవాళ్ళ మనసే లెక్క. ఒక గుమాస్తా తన పై అధికారికని 'మీలాంటివారు మళ్ళీ పుట్టరు' అని చెక్కించుకుంటే రెండుసార్లు చెరిగిపోయింది. "సరేలెండి, 'మీ దగ్గర పని నేర్చుకున్నాను' అని వెయ్యండి," అన్నాడు విసుగ్గా. అది నిలిచింది. మరదలు సైటులో ఒక పక్కన రాసి పెట్టింది: అక్షరాలు నిలవకపోతే మాట మార్చి పంపండి.

అంతా బాగానే ఉంది గానీ, వారం నుంచి వదినకి ఫోన్లు వస్తున్నాయి. మోగగానే చటుక్కున లేచి బాల్కనీలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంటోంది. మరదలు టైపు చేస్తున్నట్టు వేళ్ళు ఆడిస్తూ చెవులు అటే పడేసేది. ఒకసారి 'జీతం' అన్న మాట వినబడింది. ఇంకోసారి, 'మిషను నాదే.'

"ఎవరు వదినా?"

"ఎవరో లే. చెక్క బేరం."

చెక్క బేరానికి తలుపెందుకు వెయ్యడం? మర్నాడు మొగుడి దగ్గర కక్కేసింది. "మీ అక్క మనల్ని నట్టేట ముంచి పోయేట్టుంది."

"నీకు నీ నీడ మీద కూడా అనుమానమే," అని అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇక ఇలా కాదనుకుంది మరదలు. "వదినా, మొదటి పేజీకి ఒక పలక ఫొటో కావాలి. 'ఒకరినొకరు నమ్ముకున్న ఇద్దరి కొట్టు' అని చెక్కండి. మనిద్దరి తరఫునా."

వదిన మురిసిపోయి, ఉన్నవాటిలో మంచి పలక ఏరి చెక్కింది. మరదలు గడియారం వంక చూస్తూ కూర్చుంది. ఇరవై నిమిషాలకే 'నమ్ముకున్న' పలచబడింది. కాసేపటికి మిగతాదీ పోయింది.

"ఆ ఫోన్లు ఎవరివో ఇప్పుడైనా చెప్తారా?" అంది మరదలు.

వదిన పలకని తడిమి చూసుకుంది. ఇంకో రెండు తీసింది. ఒకదాని మీద 'మరదల్ని నమ్ముతున్నాను' అని తన తరఫున చెక్కింది. రెండోది మిషను కింద పెట్టి, "ఇది నీ తరఫున. నువ్వే టైపు చెయ్యి," అంది.

'వదినని నమ్ముతున్నాను' అని కొట్టింది మరదలు.

అరగంటసేపు ఇద్దరూ పలకల ముందు కూర్చున్నారు. వదిన అక్షరాలు చెక్కినంత లోతుగానే ఉన్నాయి. మరదలి పలక మీద గీత కూడా మిగల్లేదు.

"పెద్ద గిఫ్టుల కంపెనీ వాళ్ళు," అంది వదిన నెమ్మదిగా. "మిషనుతో సహా వచ్చెయ్యమని ప్రాణం తీస్తున్నారు. రాను, మా మరదలితో కలిసి పెట్టుకుంటున్నాను అని వారం నుంచి చెబుతూనే ఉన్నా. నువ్వు కంగారు పడతావని బయటికెళ్ళి మాట్లాడాను."

"వదినా, నేనేదో..."

ఫోను మోగింది. ఈసారి వదిన లేవలేదు. కూర్చున్నచోటే ఎత్తింది.

"ఆఁ, నేనే. వస్తానండీ. సోమవారం నుంచి."

మరదలు ఆపడానికి నోరు తెరిచింది. ఏ మాటంటే నిలుస్తుందో తెలియక మూసుకుంది.