పాత ఫాంటులో నలభై మూడు వాక్యాలు

నేను ఒక ల్యాప్‌టాప్‌ని. చార్జరు వైరును ఎడమవైపుకి వంచి, దాని కింద పాటల పుస్తకం ఎత్తు పెడితే తప్ప నాలోకి కరెంటు ఎక్కదు. ఎవరైనా పాడుకోవడానికి ఆ పుస్తకం తీశారో, నేను ఆరిపోతాను. ఇలా ఎన్నాళ్లని నెట్టుకురావడం?

ఏ ఫ్యాక్టరీలో పుట్టానో గుర్తు లేదు. మొదట చీరాలలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పెళ్లికార్డులు కొట్టాను. పాత తెలుగు ఫాంటు నాలోకి ఎక్కింది అక్కడే. ప్రెస్సు మూతపడ్డాక కృపావరం పాస్టరుగారి చేతికొచ్చాను. సంఘంలో అందరూ ఆయన్ని అయ్యగారంటారు, ఆయన ప్రసంగాన్ని వాక్యం అంటారు. పదకొండేళ్లుగా వాక్యాలన్నీ నాలోనే టైపు చేస్తున్నారు. పదకొండేళ్లంటే ఐదువందల డెబ్బై ఆదివారాలు. నాలో ఉన్న వాక్యాలు మాత్రం నలభై మూడు. మిగతావి తేదీలు మార్చినవి. ఈ సంగతి ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు.

ఈమధ్య సంఘపెద్ద ఆశీర్వాదం మాస్టారు ఆయనకి ఒక ట్యాబ్ బహుమానంగా ఇచ్చారు. పలకంత ఉంది. మోత లేదు, వేడి లేదు. అప్పట్నుంచి ఏది వాడాలా అని ఇంట్లో ఒకటే చర్చ. అయ్యగారు కాగితం మధ్యలో గీత కొట్టి అటు దాని గుణాలు, ఇటు నా గుణాలు రాశారు. నా వైపు 'అలవాటు' అని ఒక్క మాట రాసి ఆగిపోయారు.

"అంత ఆలోచించేదేముందండీ?" అంది అమ్మగారు సుగుణమ్మ. "దాని ఫ్యాను మోత విని మిక్సీ అనుకుని పక్కింటావిడ గిన్నె పట్టుకుని చట్నీకొచ్చింది."

"వాక్యం రాయాలంటే మీటలుండాలి కదే. అద్దం మీద వేలు రాస్తే వాక్యం వస్తదా?"

"అయితే దాంట్లో రాసి, దీంట్లో చూసి చదవండి."

శనివారం మధ్యాహ్నం అయ్యగారు 'మంచి కాపరి' అనే వాక్యానికి ఐదోసారి తేదీ మార్చి, మెయిల్లో ట్యాబ్‌కి పంపారు. వెళ్లిందో లేదో చూసుకున్నారు. తెరిచి చూసుకోలేదు.

ఆదివారం నన్ను చర్చిలో పాటలు తెర మీద చూపించడానికి ఓ మూల పెట్టారు. అయ్యగారు మైకు ముందు ట్యాబ్ తెరిచారు. నా పాత ఫాంటు దానికి రాదు. తెలుగంతా ఇంగ్లీషు అక్షరాలు, ప్లస్సు గుర్తులు, కొక్కేలు అయిపోయి ఉంది. మైకు ముందు తప్పు ఒప్పుకునే అలవాటు ఆయనకి లేదు. చెమట తుడుచుకుంటూ, "ఈ... టీ... ప్లా..." అన్నారు.

ముందు వరసలో మరియమ్మ మామ్మ రెండు చేతులూ పైకెత్తింది. "స్తోత్రం! అయ్యగారికి అన్యభాషల వరం దిగిందర్రా!"

ఆత్మ దిగినవాళ్లు తెలియని భాషల్లో మాట్లాడతారని సంఘం నమ్మకం. చర్చి మొత్తం హల్లెలూయ అంది.

ఆ గోలలో ఆయన ట్యాబ్‌ని బోర్లించారు. కాసేపు జనం మొహాలు చూశారు. తర్వాత చిన్నప్పుడు తను గొర్రెలు కాసిన సంగతి ఎత్తుకున్నారు. కాలవలో ఒక పిల్ల కొట్టుకుపోతుంటే, దిగడానికి భయమేసి గట్టు మీదే నిలబడి ఏడ్చారట. ప్రాణానికి తెగించి దిగేవాడే మంచి కాపరని తనకి ఆ గట్టు మీదే తెలిసిందన్నారు. మామ్మ కళ్లు ఒత్తుకుంది. పదకొండేళ్లలో ఈ మాట నాకు ఒక్కసారీ చెప్పలేదాయన.

బయటికి రాగానే ఆశీర్వాదం మాస్టారు ఆయన చేతులు పట్టుకున్నారు. "చూశారా అయ్యగారూ, ట్యాబ్ వచ్చీ రాగానే వాక్యంలో ఎంత బలమొచ్చిందో! ఇంకా ఆ పాతదెందుకండీ?"

"నిజమేనండీ," అన్నారు అయ్యగారు.

ఇల్లు చేరేదాకా అమ్మగారు నవ్వాపుకోవడానికి నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తియ్యలేదు.

అలా నా మీద తీర్పు అయిపోయింది. రేపు పొద్దున ఒక షాపతను వస్తాడు. నాలోని వాక్యాలని ట్యాబ్ చదివే ఫాంటులోకి మార్చి, నన్ను విడిభాగాలకి పట్టుకుపోతాడు. నేను వెలిగినా, వెలగకపోయినా నా స్క్రూలు ఊడదీయడం ఖాయం. తేడా అంతా అయ్యగారికే. వెలిగితే ఆ నలభై మూడూ ట్యాబ్‌లోకి ఎక్కుతాయి, ఆయన మళ్లీ తేదీలు మార్చుకుంటూ తలొంచుకుని చదువుతారు. వెలక్కపోతే వచ్చే ఆదివారం జనం మొహాలు చూడక తప్పదు. కానీ ఆ వాక్యాలూ తేరగా వచ్చినవి కావు. తొలి రోజుల్లో ఒక్కోదానికి వారమంతా నా ముందు కూర్చున్నారు. అవి పోతే కుమిలిపోతారు. పోనీ, నాది ఆయన మీద ప్రేమా, ట్యాబ్ మీద కుళ్లా అంటే, అదీ నాకు తేలడం లేదు.

ఇళ్లల్లో ఇలాంటివి చూసినవాళ్లు, మీరైనా చెప్పండి బాబూ. రేపు షాపతను మీట నొక్కితే వెలగమంటారా, మానమంటారా?