మరిగించని రబ్బరు

మరిగే గిన్నెలోంచి పాత చెప్పు అడుగును పటకారుతో పైకి తీసి, నీళ్ళు విదిలించి, వేలితో నొక్కి చూశాడు మెకానిక్కు. ముడుచుకోవలసినంతా ముడుచుకుంది. ఇక కొలత పెట్టి గుండ్రంగా కోస్తే వాషరే. పాల ఫ్యాక్టరీలో అతని ప్యాకింగ్ యంత్రం కొన్నేళ్ళుగా పాత చెప్పుల పుణ్యమా అని నడుస్తోంది. దాన్ని తయారుచేసిన దేశం వీళ్ళ దేశం మీద ఆంక్షలు పెట్టింది. పాల యంత్రాల సామానుకు మినహాయింపు ఉందని రేడియో చెబుతూనే ఉంటుంది. తీరా కొనబోతే డబ్బు పంపడానికి ఏ బ్యాంకూ ఒప్పుకోదు, సరుకెత్తడానికి ఏ ఓడా రాదు. ప్రభుత్వం మెడలు వంచడానికట. ప్రభుత్వం సంగతేమో గానీ, రబ్బరు కోసీ కోసీ ఇతని మెడ మాత్రం పట్టేసింది.

అదైనా ఓర్చుకునేవాడే. పక్క యంత్రం తోడల్లుడిది. దాన్ని అమ్మిన దేశం ఆంక్షల్లో కలవలేదు గనక, అతగాడికి కొత్త వాషర్లు అట్టపెట్టెల్లో దిగేవి. తెల్లచొక్కా నలగకుండా ఇంటికెళ్ళేవాడు. మా చెల్లెలి మొగుడి చేతులు ఎంత శుభ్రంగా ఉంటాయో చూడండని భార్య వడ్డిస్తూ అన్నప్పుడల్లా ఇతనికి ముద్ద దిగేది కాదు.

పోయిన నెల ఆ దేశమూ ఆంక్షల్లో చేరింది. ఆ రాత్రి ఇతను గుర్రుపెట్టి నిద్రపోయాడు.

ఇవాళ పొద్దున్నే మేనేజరు వచ్చి, పాల రాక తగ్గింది, రెండు యంత్రాలను మేపలేను, ముందు ఏది ఆగితే దాన్నీ దాని మనిషినీ తీసేస్తానని చెప్పి వెళ్ళాడు. తోడల్లుడు తన కొత్త చెప్పు చేత్తో పట్టుకుని మెల్లగా వచ్చాడు.

"అన్నయ్యా, వాషరు ఎలా చేస్తావో కాస్త చూపిస్తావా?"

ఇతను గిన్నె మీద మూత పెట్టాడు.

"ఏముంది, కొలత పెట్టి కొయ్యడమే."

తోడల్లుడు నమ్మాడు. పచ్చి రబ్బరు కోసి బిగించాడు. కాసేపు యంత్రం బ్రహ్మాండంగా నడిచింది. వీడికి ఇదీ కలిసొచ్చిందా అని ఇతను లోలోపల కుతకుతలాడిపోయాడు. మధ్యాహ్నం గొట్టాలు కడగడానికి వేడినీళ్ళు వదిలారు. రబ్బరు ముడుచుకుంది. మళ్ళీ పాలు వదలగానే చొక్కా నిండా చిమ్మాయి. తోడల్లుడు రెండో చెప్పు కూడా కోశాడు. గొట్టం వేడికి అదీ అంతే అయింది. మరిగించు అని ఒక్క మాట అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ పాలతో తడిసి ఒంటికి అతుక్కున్న ఆ తెల్లచొక్కాను చూస్తుంటే ఇతని ప్రాణానికి ఎంతో హాయిగా ఉంది.

సాయంత్రం తోడల్లుడు లెక్క తేల్చుకుని వచ్చాడు. మొహంలో కోపం లేదు.

"పెట్టెల్లో వచ్చింది బిగించడమే తెలుసు నాకు. నువ్వు నేర్పినా చేతకాలేదు అన్నయ్యా."

వట్టికాళ్ళతో గేటు దాటి వెళ్ళిపోయాడు. ఇతను పిలుద్దామనుకున్నాడు. గిన్నె మీద మూత సరిచేసి తన యంత్రం వైపు తిరిగాడు.

ఆగిన యంత్రం కింద, పాలమడుగులో, గుండ్రటి చిల్లులు పడ్డ కొత్త చెప్పుల జత పడి ఉంది. మడమల వైపు ఇంకా బోలెడంత రబ్బరు మిగిలే ఉంది.