కట్టిన కొబ్బరాకు

కొబ్బరాకు అల్లి కడితే అక్కడ పెళ్లి ఉన్నట్టే. మా కోనసీమలో ఎవణ్ణడిగినా ఇదే చెబుతాడు. ఆ తెలివితోనే నేను ఒక మంచివాడి పరువు తీశాను.

తాటిపాక గ్యాసు బావుల దగ్గర నేర్చిన డ్రిల్లింగు పని నన్ను ఇండోనేషియాలో ఒక ద్వీపానికి తీసుకెళ్లింది. పైన పొగలు కక్కే కొండ, దాని చుట్టూ వాన వదలని అడవి, కింద ఒడ్డున అచ్చం మా ఐనవిల్లి లాంటి కొబ్బరితోటలు. ఓ సాయంత్రం ఒక తోట మొదట్లో లేత ఆకులు అల్లి కట్టి ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది. పెళ్లివారి తోట, రెండు బొండాలకి ఎవరేమంటారులే అనుకుని పొట్టి చెట్టొకటి చూసి దింపుకు తాగాను.

అక్కడ ఆకు కడితే తోట మూసినట్టట! ఊరి పెద్దలు విప్పేదాకా కాయ ముట్టకూడదు. లోపలికి వెళ్లే హక్కు కాపలాదారు మార్తెన్ గారొక్కరికే. అందుకే మర్నాడు ఆయన్నే దొంగన్నారు. ముప్పై ఏళ్ల కాపలా పని పీకేశారు. నాకు రోజూ చేపలకూర పంపిన మనిషాయన. ఊరివాళ్లతో తగువొస్తే ఇంటికి పంపేస్తామని కంపెనీవాళ్లు ముందే చెప్పారు. గుంపులో కుక్కిన పేనులా నిలబడ్డాను. సిగ్గులేని బతుకు.

తిరిగొచ్చి ఏడాదయింది. మొన్న మేనకోడలి పెళ్లిపందిరికి ఆకు అల్లుతుంటే చేతులాడలేదు. మా ఆవిడ భవానీదేవికి అంతా చెప్పేశాను.

"ఇన్నాళ్లూ ముద్ద ఎలా దిగిందండీ మీకు? ముందాయనకి ఫోన్ చెయ్యండి" అంది.

చేశాను. వచ్చీరాని వాళ్ల భాషలో, "ఆ కాయలు కోసింది నేనేనండి" అన్నాను.

"తెలుసు ప్రకాశరావ్" అన్నారు మార్తెన్ గారు. "మా ఊళ్లో పుట్టినవాడెవడూ ఆ ఆకు దాటడు. కానీ చూడకుండా అతిథిని దొంగని ఎలా అంటాను? నువ్వే చెబుతావని ఆ రోజంతా నీవైపే చూశాను."

చూశారు. నేనే తల తిప్పుకున్నాను.

"పెద్దల్ని పిలవండి. అందరి ముందూ చెబుతాను" అన్నాను.

"పిలుస్తాను" అన్నారాయన. "వాళ్లొచ్చేదాకా ఫోన్ పెట్టెయ్యవు కదా?"