చేసి చూడని పేజీ

ఫణిశ్రీ భర్త విశ్వనాథ్ గారికి ఒక సుగుణం ఉంది: తాను రాసింది పదిమందీ చదవాలంటారు. ఒక దుర్గుణమూ ఉంది: అందులో తప్పుందంటే మాత్రం పెళ్లాన్ని ఆ పదిమందిలో కలుపుకోరు.

ఆయన రాజమండ్రి కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. పాటలూ మాటలూ రికార్డు చేసుకునే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌కి తెలుగులో సహాయ పేజీలు రాయించే పని ఫణిశ్రీ నెత్తికెత్తుకుంది. జీతం లేని పని కాబట్టి ఎవరినీ గదమాయించే వీల్లేదు. వెతగ్గా వెతగ్గా దొరికింది ఆయన పాత శిష్యులే. ఒకరు రాసిన పేజీని మరొకరు కంప్యూటర్లో చేసి చూశాకే ఓకే అనాలని ఆమె షరతు పెట్టింది.

సాయంత్రానికి పేజీలన్నీ చేరకపోతే కొత్త వెర్షన్లో తెలుగు ఉండదు. పొద్దున్నుంచీ ఆమెకి కాలు ఒకచోట నిలవడం లేదు. పోపు మాడింది. పాలు పొంగాయి. ‘రికార్డింగు దాచుకోవడం’ అని భర్త రాసిన పేజీ చూస్తే ఎక్కడో తేడా కొడుతోంది; ఆ మాటంటే ఆయన వినిపించుకోలేదు. దాని కింద మాత్రం అందరి ఓకేలూ ఉన్నాయి.

ఉండబట్టలేక మండపేటలో రైస్‌మిల్లు ఆఫీసులో పనిచేసే శ్యాంబాబుకి ఫోన్ చేసింది.

"మాస్టారి పేజీ చేసి చూశావా బాబూ?"

"భలేవారే మేడమ్! మాస్టారికి మేం పరీక్ష పెట్టడమేంటండి? కళ్లకద్దుకుని ఓకే కొట్టేశానండి."

పెనుగొండలో ఉండే మరో శిష్యురాలు అశ్వినీ అదే మాట అంది, ఇంకో రెండు ‘అండి’లు కలిపి.

ఫణిశ్రీ హాల్లోకి వెళ్లింది. విశ్వనాథ్ గారు మేనకోడలి పెళ్లికి రాసిన స్వాగత పద్యాలు అప్పుడే రికార్డు చేసి, మజ్జిగ తాగుతున్నారు.

"ఏవండీ, మీ పేజీ నేను చదువుతాను. అందులో ఉన్నట్టే చేయండి."

"నాకే నేర్పుతావేంటే?"

"అబ్బే, మీ దగ్గర నేర్చుకుందామనే."

ఆ మాటకి ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నారు. ఆమె చదివింది, ఆయన నొక్కారు. 'తెర మీది కిటికీ మూసేయండి. దాచాలా అని అడిగితే వద్దు అనండి, అది ముందే దాగి ఉంటుంది.' ఆయన వద్దన్నారు.

మళ్లీ తెరిస్తే పద్యాలు లేవు.

"ఫోన్లో అయితే దానంతటదే ఉంటుంది కదే!"

"ఇది ఫోన్ కాదు కదండీ. చేసి చూడకుండా రాసేశారా?"

ఆయన ఇంకోసారి తెరిచి చూశారు. అంతకుముందే రెండుసార్లు వినివున్నందువల్ల పద్యాలు పోయినందుకు ఆమెకి మరీ అంత బాధ కలగలేదు.

"చప్పుడు చేయకుండా నువ్వే మార్చేసెయ్," అన్నారు చివరికి.

"మారుస్తాను. మరి మిగతా పేజీల సంగతో? మీ శిష్యుల్లో పెద్దాళ్లు రాసినవన్నీ ఇలాగే ఓకే అయిపోయాయి. నేను చెబితే మొహమాటపడతారు. మీరు చెబితే కూర్చుని చేసి చూస్తారు."

ఆయన లేచి గది చివరిదాకా నడిచారు. వెనక్కి వచ్చారు. మళ్లీ నడిచారు. ఫణిశ్రీ ఈలోగా గ్రూపు కాల్ కలిపేసి ఫోన్ ఆయన చేతిలో పెట్టింది.

"నమస్కారమండి మాస్టారూ!" అన్నాయి గొంతులన్నీ.

ఆయన గొంతు సవరించుకున్నారు.

"ముందు నా మాట వినండర్రా. నా పేజీ తప్పు. నేను చేసి చూడలేదు, మా ఆవిడ చెబితే వినలేదు. తప్పు నాదే."