కొత్త కాపురానికి తెచ్చిన చేపలు

శుక్రవారం నమాజు ముగిశాక పెద్దలు పడవల పాకలో కూర్చుంటారు. రెండేళ్లుగా వల పడని పగడపు దిబ్బను ఇంకో రెండేళ్లు మూసి ఉంచాలా, వలలకు తెరవాలా అన్నది ఆ పూటే తేలిపోతుంది. మూయమని మొదట ఊరిని ఒప్పించింది మ్వానాఖేరి. చేపలు వేయించి అమ్మే మనిషి. చేపను అరచేతిలో పెట్టుకుని చూస్తే చాలు, నూనెలో పడ్డాక అది ఎంతకు ముడుచుకుంటుందో చెప్పేస్తుంది. ఏ సరుకు నిలుస్తుందో ఏది నిలవదో తెలిసిన మనిషి కదా అని ద్వీపమంతా ఆమె మాట మీద వలలు పక్కకు తీసింది.

అందుకే ఆ శుక్రవారం పొద్దున, నీళ్లు తగ్గే ఆటు వేళకు మరిది షాయిబు పడవెక్కింది. దక్షిణం నుంచి వీచే కూసి గాలి నాలుగు నెలలు నీళ్లను బురదచేసి ఎవరినీ దిబ్బ దగ్గరికి పోనివ్వలేదు. ఇప్పుడిప్పుడే తేటపడ్డాయి. పెద్దలకు చెప్పేముందు సరుకు కళ్లారా చూసుకోవాలి.

"ఏం వదినా, కొత్త కంగా గుడ్డ చుట్టుకొచ్చావ్? చేపలకు చూపిద్దామనా?" అన్నాడు షాయిబు.

"రోజూ నీ మొహమే చూసి వాటికి విసుగొచ్చిందట. తెడ్డు వెయ్యి."

దిబ్బ దగ్గర నీళ్లు రొమ్ముల వరకే ఉన్నాయి. మ్వానాఖేరి నీళ్లలో చూసే కళ్లద్దం తగిలించుకుని తల ముంచింది. ముంచిన తల చాలాసేపు పైకెత్తలేదు.

తుఫానుకు విరిగిన పగడపు కొమ్మలను ఏరి, రెండేళ్ల కిందట నలభైమంది ఆడవాళ్లు ఇక్కడి రాళ్లకు కట్టారు. కూసి గాలికి ముందు అవి వేలెడు పెరిగి, చివర్లు లేత నీలంగా మెరిసేవి. ఇప్పుడు ఒక్కో కొమ్మనూ మొదలు నుంచి గోధుమరంగు నాచు బొచ్చులా కమ్మేసింది. ప్రతి రాతి మీదా ఒక నల్ల చేప కాపలా తిరుగుతోంది. బెత్తెడు కూడా ఉండదు. విదేశీయులను పడవల్లో తిప్పేవాళ్లు దాన్ని డామ్సెల్ అంటారు. ద్వీపంలో దానికి పేరు పెట్టేంత పని ఎవరికీ పడలేదు.

ఆమె చూస్తుండగానే ఒక నల్ల చేప బతికున్న పగడాన్ని కొరికింది. కొరికిన చోట తెల్లటి మచ్చ పడింది. పక్క మచ్చ మీద అప్పటికే దాని మేత నాచు మొలుస్తోంది. తనకు పనికిరాని పీచు ఒకటి ఆ నాచులో కనిపిస్తే చేప దాన్ని పీకి, మూరెడు దూరం మోసుకెళ్లి ఉమ్మేసి వచ్చింది. నాచు మేయడానికి వచ్చిన చిలుక చేప తనకు పదింతలుంటుంది. దాని మొహం మీదికే దూకి తరిమికొట్టింది. సంతలో ఏ మనిషీ తన కొట్టును ఇంత శ్రద్ధగా చూసుకోదు అనిపించింది మ్వానాఖేరికి.

ఆమె చెయ్యి చాపేసరికి ఆ నల్ల చేప వేలు కొరికింది.

"ఇది మన రాయిరా షాయిబూ!" అంది తల పైకెత్తి.

"దానికి చెప్పు."

చేతివలతో పట్టడం మొదలుపెట్టారు. గంటసేపట్లో తొమ్మిది దొరికాయి. ఆమె ఒక రాయిని కొబ్బరి పీచుతో తోమి, రెండో రాయికి పోయి వెనక్కి చూస్తే, తోమిన రాయి మీద ఇంకో నల్ల చేప. ఎక్కడో చోటు దొరక్క తిరుగుతున్నదేమో, ఖాళీ కాగానే దిగింది. దాన్ని పట్టారు. ఇంకోటి వచ్చింది. ఒక రాతి అడుగున గుడ్లు పరిచి ఉన్నాయి, మగది రెక్కలతో విసురుతోంది. ఆ రాయిని ఆమె తోమలేదు. తోమినా తోమకున్నా ఒకటేనని అప్పటికి తెలిసిపోయింది.

"ఇన్ని ఎక్కణ్నుంచి వచ్చాయి?" అన్నాడు షాయిబు.

మ్వానాఖేరికి తెలుసు. కొత్త కాపురం పెట్టిన ఇంటికి ఇంటింటి నుంచీ ఏదో ఒకటి పట్టుకెళ్లడం ద్వీపంలో ఆనవాయితీ. పగడం కట్టిన రోజున కొత్త దిబ్బకూ అలాగే చేద్దామంది తనే. ప్రతి ఇల్లూ తాము చేపలు పట్టే బుట్టలో పడినవాటిని బకెట్లో ప్రాణాలతో తెచ్చి ఇక్కడ వదిలింది. పెద్దవి వదల బుద్ధికాక బాణలిలోకి పోయాయి. సున్నితమైనవి బకెట్లోనే చచ్చాయి. మొండిగా బతికి నీళ్లలో పడినవి ఈ నల్లవే. ఇంటికొకటి. ఆడవాళ్లు చప్పట్లు కొట్టి పాడారు కూడా.

పడవ తిప్పబోతుండగా రాతి సందులోంచి ఒక చేవా చేప బయటికొచ్చింది. ముంజేయంత, పెద్ద నోరు, పై పెదవి మీద పాత గాలపు గాటు. నల్ల చేప ఒకటి దాని మీదికీ దూకింది. చేవా నోరు తెరిచింది, మూసింది. రాయి ఖాళీ అయింది.

మ్వానాఖేరి లెక్క వేసుకుంది. ఇలాంటివి పాతిక ఉంటే చాలు. ముంజేయంత కావడానికి దీనికి వల పడని ఈ రెండేళ్లు పట్టినట్టుంది. ఇంకో రెండేళ్లు ఆగితే వస్తాయి.

నమాజయ్యాక పడవల పాకలో, పెద్దలకు పెద్దయిన ఫాకీ ముందు ఉన్నది ఉన్నట్టు చెప్పింది. దాచొచ్చు, నీళ్లలోకి తల ముంచింది తనూ షాయిబూ మాత్రమే. కానీ కుళ్లిన చేపను మసాలా కింద దాచి అమ్మే అలవాటు ఆమెకు లేదు.

"అయితే పగడం పోయినట్టే కదమ్మా," అన్నాడు ఫాకీ. "పోయినదానికి కాపలా ఎందుకు? వలలేస్తే ఆ నల్లవీ పోతాయి."

"పోవు బాబాయ్. మీ వల కళ్లలోంచి దర్జాగా దాటిపోతాయి. పడేది చేవాలే. నల్లవాటిని తినేది అవే."

"చేవాలు పడితే మంచిదేగా!" అన్నాడు వెనక నుంచి ఒకడు.

"నల్లవాటిని నువ్వే వేయించి అమ్ము అక్కా, చప్పరించడానికి బాగుంటాయి!" అన్నాడు ఇంకొకడు. పాకంతా నవ్వింది.

"రెండేళ్లు ఆగండి బాబాయ్."

"రెండేళ్ల కిందట కూడా ఈ మాటే అన్నావు. మేం ఆగాం. వాటిని బకెట్లతో తెచ్చి పోయించింది నువ్వే కదమ్మా?" ఫాకీ గొంతులో కోపం లేదు. అదే ఆమెకు కష్టమైంది. కోపమైతే తిరిగి ఏదైనా అనొచ్చు.

"నేనే," అంది.

శనివారం మధ్యాహ్నానికి షాయిబు బుట్ట తెచ్చి ఆమె పొయ్యి పక్కన దించాడు. జోకులేం వెయ్యలేదు. "దిబ్బ మీద అందరూ వలలు వేశారు వదినా. నేను వెయ్యకపోతే మాత్రం..." అని ఆగిపోయాడు.

బుట్టలో పైనే ఉంది చేవా. పై పెదవి మీద గాటు.

మ్వానాఖేరి పీట మీద పెట్టి పొట్ట కోసింది. లోపల మూడు నల్ల చేపలు, ఒకటి ఇంకా చెక్కు చెదరలేదు. వాటిని అరచేతిలో పెట్టుకుని పడవల పాక వైపు చూసింది. ఫాకీ అక్కడే కూర్చుని వల అల్లుతున్నాడు. చూపిస్తే చూస్తాడు, అవునమ్మా అంటాడు. వలలు మాత్రం నీళ్లలోనే ఉంటాయి.

"ఏంటక్కా, నూనె మాడుతోంది!" అంది కొనడానికొచ్చిన ఆడమనిషి. "ఆ చేవా ముక్కలు నాకే ఇవ్వు. చాన్నాళ్లయింది ఇంత పెద్దది చూసి."

"అవును," అంది మ్వానాఖేరి. నల్ల చేపల్ని పిల్లికి వేసి, కత్తి తీసుకుంది.